నడుమెత్తు పొయ్యి

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు రాసుకుంటారు. నాకింకా ముప్పై రెండు నిండలేదు. కానీ నేను చేసింది ఒకే ఒక్క ఉద్యోగం, ఆరేళ్ళు చేశాను, మానేసి మూడేళ్ళయింది, మళ్ళీ ఎవరూ పిలిచేలా లేరు. ఆ లెక్కన నేనూ రిటైరైనదాన్నే. పిల్లలిద్దరూ నిద్రపోయారు. చిన్నది దొర్లకుండా దిండ్లు అడ్డుపెట్టి, గ్యాసు కట్టేశానో లేదో ఒకసారి చూసి, నమ్మకం చాలక ఇంకోసారి చూసి వచ్చి కూర్చున్నాను. ఆ రెండోసారి చూడటం నా జబ్బు. ఒక వంటగది విషయంలో నేను చేసిన తప్పులో సగం ఆ జబ్బుదే. మిగతా సగం ఇంకా సిగ్గుమాలినది. అదీ చెబుతాను.

మీలో కొందరు ఇప్పుడిప్పుడే హాస్టళ్ళలో, బడుల్లో చిన్న చిన్న ఉద్యోగాలకు చేరుతుంటారు. మీ చేతికీ ఏదో ఒక రోజు ఒక ఫారం వస్తుంది. దాన్ని నింపడం ఐదు నిమిషాల పనిలా కనిపిస్తుంది. నాకూ అట్లాగే కనిపించింది.

గార్లదిన్నెకు అవతల, రోడ్డు దిగి రెండు మైళ్ళు నడిస్తే మా హాస్టల్. వానలు లేని ఏళ్ళలో తల్లిదండ్రులు ఊరు వదిలి బెంగళూరుకు కూలిపనికి పోతే, ఆడపిల్లలు బడి మానకుండా ఉండటానికి ఒక సంస్థవాళ్ళు పెట్టింది. నూటనలభై మంది పిల్లలు. అనంతపురంలో బీకాం చదివిన నేను అక్కడ అసిస్టెంట్ వార్డెన్. అంటే స్టోరు తాళంచెవి, హాజరు పుస్తకం, ఇంగ్లీషులో రాయాల్సిన ఉత్తరాలు అన్నీ నావి. నాపైన సెక్రటరీ సారు ఉండేవారు. రిటైరైన హెడ్మాస్టరు, మంచివారు, దేనికైనా మూడు కొటేషన్లు లేనిదే చీపురు కూడా కొననివ్వరు.

వంటగది అంటే రేకుల షెడ్డు. నేలలోకి తవ్విన మూడు పొయ్యిలు. కంపకట్టెలు, వేరుశెనగ బుడ్డల పొట్టు వేసి మండించేవాళ్ళు. ఉదయం ఐదింటికి పొగ మొదలైతే తొమ్మిదికి గానీ లోపల మనిషి మొహం కనపడేది కాదు. ఆ పొగలో ఇద్దరు ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. పెద్ద వంటామెకు యాభై దగ్గర. హాస్టల్ ఇంకా అద్దెకొంపలో ఉన్నప్పటి నుంచీ ఆమే వండుతోంది. పొట్టిమనిషి, భుజాలు మాత్రం మగవాడివి. నేను అక్కా అనేదాన్ని. చిన్నామె అదే ఊరి కోడలు, ఇరవై రెండేళ్ళది, మాట్లాడటం తక్కువ, పెద్దామె ఏది అడగబోతుందో ముందే అందించేది.

వారంలో నాలుగు రోజులు పొద్దున సంగటి. దానికి కారణం ఉంది. ఫీజు కట్టలేని తల్లిదండ్రులు రాగులు తెచ్చి వేసిపోయేవాళ్ళు. కొందరు రెండు పడి కొలతలు, కొందరు మూట. వాటిని పిండి పట్టించి సంగటి చేసేవాళ్ళం. నూటనలభై మందికి సంగటి అంటే ఇంట్లో చేసుకునే పని కాదు. నూకలు ఉడికిన పెద్ద డేక్సాలో పిండి పోసి, మనిషి ఎత్తు కట్టెతో ఉండ కట్టకుండా కెలకాలి. చిన్నామె డేక్సా చెవుల్లో రెండు కర్రలు దూర్చి కదలకుండా అదిమిపట్టేది. పెద్దామె పొయ్యిగట్టు మీద ఒక కాలు పెట్టి, పైనుంచి కట్టెను దించి, ఒళ్ళంతా దాని మీద వేసి తిప్పేది. చేతులతో కాదు, నడుముతో కెలికేది. చూస్తుంటే బావిలోంచి ఏదో బరువు లాగుతున్నట్టు ఉండేది.

నా పెద్దకూతుర్ని ఏడో నెల నుంచీ హాస్టల్‌కు వెంట తెచ్చుకునేదాన్ని. స్టోరు గదిలో చీర ఉయ్యాల. పది నెలలకు పాకడం మొదలుపెట్టింది. ఒక పొద్దున నేను కందిపప్పు తూకం వేసి రాసుకునేలోపల అది గడప దాటి షెడ్డులోకి పోయింది. పెద్దామె అరిచిన అరుపుకు పరుగెత్తాను. అప్పటికే ఆమె పిల్లను ఒక్క చేత్తో ఎత్తి పట్టుకుని ఉంది. అరచేయి పొయ్యిగట్టుకు తగిలింది. రూపాయి బిళ్ళంత బొబ్బ, వారంలో మానిపోయింది. నాకు మానలేదు. ఆ తర్వాత ఎక్కడ కూర్చున్నా నేల మీద మండే మూడు పొయ్యిలే కళ్ళ ముందు.

ఆ ఏడాదే ఒక దాత కొత్త వంటగదికి సాయం చేస్తామని రాశారు. గ్యాసు పొయ్యిలు, పొగ పోయే చిమ్నీ, రాతి గట్లు, అన్నీ గీసి, తెచ్చి, బిగించి ఇచ్చే ఒకే పార్టీని మేము ఎంచుకోవాలి. బడులు తెరిచేలోపు పని అయిపోవాలి. ఆలస్యమైతే ఆ సాయం ఇంకో ఊరికి పోతుంది. సెక్రటరీ సారు ఆ కాగితాలన్నీ నా బల్ల మీద పెట్టి, "చిన్నపిల్లల తల్లివి, వంటిల్లు నీకంటే ఎవరికి తెలుసమ్మా" అన్నారు. నాకు ఛాతీ పొంగింది. అక్కడే నాకు భయం వేసి ఉండాల్సింది.

మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకటి లెక్కకే మూడోది. అనంతపురం టౌనులో ఇళ్ళకు వంటింటి అలమారాలు చేసే అతను, హాస్టల్ అన్న మాట సరిగా చదవకుండా రంగుల పుస్తకం పంపాడు. లాగితే బయటికొచ్చే అరల ఫోటోలు చూసి పెద్దామె, పిల్లోళ్ళు పండుకునేదానికి బాగుంటాయని నవ్వింది. దాన్ని పక్కన పెట్టాం. మిగిలింది ఇద్దరు.

బెంగళూరు కంపెనీ తరఫున ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. కొలతలు తీసుకుని, వారంలో కంప్యూటరులో గీసిన బొమ్మ పంపాడు. తెల్లని గోడలు, స్టీలు పొయ్యిలు, అన్నీ నడుమెత్తు గట్టు మీద. బొమ్మలో ఒక ఆడమనిషిని కూడా నిలబెట్టారు. నిప్పు ఆమె నడుము దగ్గర ఉంది. నేను ఆ బొమ్మలో నా కూతురి తల ఎంతవరకు వస్తుందో వేలితో కొలిచాను. చాలా కిందికి వచ్చింది. ఆ రాత్రి చాలా నెలల తర్వాత హాయిగా నిద్రపోయాను.

బొమ్మకు ముందు అతను ఒక ఫారం ఇచ్చాడు. ఎంతమంది తింటారు, ఎన్ని పూటలు, రోజూ ఏమేం వండుతారు. ఇంగ్లీషులో నింపాలి. రైస్ అని రాశాను, సాంబార్, ఉప్మా, కూరగాయల కూర, మజ్జిగ అని రాశాను. సంగటి రాయలేదు.

మరిచిపోలేదు. ఇది మీకు సూటిగా చెప్పాలి. కాలేజీలో నా క్యారియరులో సంగటి చూసి టౌను పిల్లలు నాకు ముద్ద అని పేరు పెట్టారు. మూడేళ్ళు ఆ పేరుతోనే పిలిచారు. షూసు వేసుకుని, ఖరీదైన పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చున్న ఆ బెంగళూరు అబ్బాయి ముందు ఆ మాట రాయడానికి నా చెయ్యి ఆడలేదు. కొత్త వంటగది వస్తే మెల్లగా అన్నానికి మారిపోతాంలే అని నాకు నేనే చెప్పుకున్నాను. సంతకం చేసి ఇచ్చేశాను.

రెండో పార్టీ అనంతపురంలో వెల్డింగ్ షాపు ఉన్న ఒక భాయ్. హోటళ్ళకు, పెళ్ళి మంటపాలకు పొయ్యిలు చేసేవాడు. మోపెడ్ మీద వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని రెండు పొద్దులు వంట చూశాడు. ఏదీ గీయలేదు, ఏ ఫారమూ ఇవ్వలేదు. పెద్దామెతో మాట్లాడాడు. రెండోరోజు పోయేముందు నా బల్ల దగ్గరికి వచ్చి చెప్పాడు.

"అన్నం పొయ్యిలు ఎత్తులో పెట్టుకోండమ్మా, నాదేం ల్యా. సంగటి పొయ్యి మటుకు మోకాటి కిందనే ఉండల్ల. కట్టె పైనుంచి దిగితేనే ఆయమ్మకు బలం. చుట్టూ గోడ కట్టి గేటు పెడతా, పాప రాకుండా."

నాకు మోకాటి కింద అన్న మాట తర్వాత ఏమీ వినపడలేదు. గోడ వినపడలేదు, గేటు వినపడలేదు. ఇద్దరినీ పోలుస్తూ పట్టిక తయారుచేసినప్పుడు, నిప్పు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుంది అన్నది మొదటి వరుసగా పెట్టాను. అట్లా పెట్టమని నాకెవరూ చెప్పలేదు. భాయ్ మొదటి వరుసలోనే ఓడిపోయాడు. డ్రాయింగు లేదు, రాతపూర్వకంగా గ్యారంటీ లేదు అని మిగతా వరుసల్లో కూడా ఓడించాను. సెక్రటరీ సారు పట్టిక చూసి, చాలా శాస్త్రీయంగా ఉందని మెచ్చుకుని సంతకం చేశారు.

బొమ్మను వంటవాళ్ళకు చూపించాను. ఏ పార్టీ కావాలని అడగలేదు, టైల్సు ఏ రంగువి కావాలో అడిగాను. పెద్దామె రంగు సంగతి చెప్పకుండా చాలాసేపు కాగితం చూసింది.

"సంగటి యాడ కెలకల్లమ్మా?" అంది.

అన్నీ ఆ గట్టు మీదే, కొద్దిరోజులు కష్టంగా ఉంటుంది, అలవాటైపోతుంది అన్నాను. ఆమె బొమ్మలో ఉన్న ఆడమనిషి మీద వేలు పెట్టింది.

"ఈమె బో పొడుగుండాది" అని కాగితం తిరిగిచ్చేసింది.

పని అనుకున్న గడువులోపే అయింది. బడులు తెరిచిన రెండోరోజు ఇంజనీరు తన ఫిట్టర్‌తో వచ్చి పొయ్యిలు వెలిగించాడు. ఆ రోజు అన్నం, సాంబారు. ఏ ఇబ్బందీ లేదు. పెద్దామె తనంతట తానే వచ్చి, ఇన్నేండ్లలో మొదటిసారి కండ్లు మండలేదని చెప్పింది. నిజంగానే సంతోషంగా ఉంది. ఆ సంతోషం చూసి నేను ఇంకో పని చేశాను. ఆ మధ్యాహ్నమే కూలీలను పిలిపించి పాత షెడ్డు విప్పించి, మూడు పొయ్యిలనూ మట్టితో పూడ్పించాను. రెండు వారాలు ఉంచుదాం అన్నారు సారు. నిప్పు నేల మీద ఒక్క రోజు కూడా ఉండటానికి వీల్లేదని నేనే పట్టుబట్టాను.

మర్నాడు సంగటి రోజు.

పిండి తూకం వేసి ఇచ్చింది నేనే. తూకం వేస్తున్నప్పుడే ఆ గట్టు ఎత్తు గుర్తొచ్చింది. ఈపూట ఉప్మా చేయమని ఒక్క మాట అంటే సరిపోయేది. రవ్వ ఉంది కూడా. కానీ ఇంజనీరు అక్కడే ఉన్నాడు, రెండో రోజు వంట చూసి సంతకం తీసుకుని పోదామని. ఎందుకు వద్దన్నానో అతని ముందు చెప్పాల్సి వస్తుంది. బయట పళ్ళాలతో పిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు, ఎనిమిదిన్నరకు బడి. పిండి డబ్బా చిన్నామెకు ఇచ్చేసి, కూతుర్ని చంకనేసుకుని వాకిట్లో నిలబడ్డాను.

గట్టు పెద్దామె నడుము దగ్గర ఉంది. గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద డేక్సా. డేక్సా అంచు ఆమె ఛాతీకి వచ్చింది. కట్టె లోపల పెడితే దాని పైకొస ఆమె తలకు పైన ఉంది. రెండుసార్లు తిప్పి చూసింది, కట్టె కదల్లేదు. పిండి పోసిన తర్వాత ఆగడానికి ఉండదు, ఆగితే ఉండలు కట్టి అడుగంటుతుంది. ఆమె చుట్టూ చూసి, మూలనున్న టమాటాల పెట్టెను కాలితో లాగి, బోర్లించి, దాని మీదికి ఎక్కింది.

నేను చూశాను. ఇంజనీరు ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆమె ఒళ్ళంతా కట్టె మీద వేసి, పాత అలవాటు ప్రకారం గట్టిగా తిప్పింది. పాత పొయ్యిగట్టు మట్టిది, డేక్సాను కరుచుకుని ఉండేది. ఇది కొత్త స్టీలు. డేక్సా జారింది. చిన్నామె చేతిలో కర్రలు పట్టు తప్పాయి. పెట్టె వాలింది. మొదట ఆమె కిందపడింది, ఆమె వెనకే డేక్సా ఒరిగింది.

సంగటి నీళ్ళలా కారిపోదు. పడ్డచోట అంటుకుని ఉండిపోతుంది. ఆమె కుడికాలు మోకాటి కింద నుంచి పాదం దాకా అది పట్టేసింది. చిన్నామె ట్యాంకరు నీళ్ళు పట్టిన తాగేనీళ్ళ డ్రమ్మును మొత్తంగా ఆ కాలి మీద బోర్లించి, రెండు చేతులతో సంగటి లాగేసింది. తన చేతులు కాలుతున్నాయని కూడా చూసుకోలేదు.

ఆ సమయంలో నేనేం చేశానో చెబితేగానీ ఈ కథ పూర్తి కాదు. నేను వెనక్కి తిరిగాను. నా కూతురు నా చంకలోనే ఉంది, పొయ్యికి ఇరవై అడుగుల దూరంలో ఉంది, దానికి ఏమీ కాలేదు. అయినా దాని చేతులు, కాళ్ళు, మొహం తడిమి చూశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. అప్పటికి ఇంజనీరు, ఫిట్టరు ఆమెను ఎత్తి జీపులో పడుకోబెట్టారు.

ఆమెను అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆ సాయంత్రం హాస్టల్ ఆఫీసులో సెక్రటరీ సారు, ఇంజనీరు, నేను కూర్చున్నాం. డేక్సా జారే పొయ్యి ఎట్లా పెట్టారని సారు అతన్ని గట్టిగా అడిగారు. అతను వాదించలేదు. బ్యాగులోంచి నేను నింపిన ఫారం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో రాగిముద్ద లేదు సార్. ఉండింటే వేరే పొయ్యి ఇచ్చేవాళ్ళం, మా దగ్గర ఉంది. మా ఇంట్లో దినమూ ముద్దే. మా అవ్వ కూడా కిందనే చేస్తుంది."

అతను నన్ను నిందించినట్టు అనలేదు. నిజంగా అర్థంకాక అన్నాడు. ఎవరి ముందు ఆ మాట రాయడానికి సిగ్గుపడ్డానో, అతను ఇంట్లో రోజూ అదే తినే మనిషి. మెనూలో అన్నం మాత్రమే చూపాలని మీరనుకున్నారేమో అని అతనే నాకొక దారి కూడా ఇచ్చాడు. నేను తల ఊపాను. ఇప్పటికీ ఆ తల ఊపడం గుర్తొస్తే పని చేస్తున్నచోటే ఆగిపోతాను.

అతను వెళ్ళాక సారు తలుపు దగ్గరగా వేశారు. దాతకు ఒక నివేదిక పంపాలి, మిగతా సాయం దాన్ని బట్టి ఉంటుంది. సంస్థ తప్పని తేలితే హాస్టల్‌కే ఎసరు. వంటామె చెప్పకుండా పెట్టె ఎక్కిందని, అది ఆమె అజాగ్రత్త అని రాయమన్నారు. దాని కింద ఆమె వేలిముద్ర కావాలి. వైద్యం ఖర్చు మనమే చూద్దాం, ఆమెకు నష్టం ఉండదు అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి అన్నారు.

"నీ ఉద్యోగం కూడా చూస్తాండానమ్మా. పిల్లతల్లివి."

రాశాను. మూడు వాక్యాలు. ఇంగ్లీషులో ఎంత శుభ్రంగా కుదిరాయంటే, చదువుతుంటే నాకే నమ్మబుద్ధేసింది.

మూడోరోజు ఆ కాగితం, ఇంకు ప్యాడు తీసుకుని ఆసుపత్రికి పోయాను. కూతుర్ని మా పక్కింటామె దగ్గర వదిలాను. వార్డులో పెద్దామె మంచం కిటికీ పక్కన ఉంది. కాలు మొత్తం కట్టు. చిన్నామె రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని కింద కూర్చుని ఉంది. పాప ఎట్లుండాదని అడిగింది పెద్దామె, మొదటి మాట. బాగుందన్నాను. పొద్దునపూట ఏం పెడుతున్నారు పిల్లోళ్ళకని అడిగింది. ఉప్మా అన్నాను. కాగితం తీసి, ఆఫీసుకు కావాలి, వేలిముద్ర వేయాలి అన్నాను.

ఆమెకు చదువు రాదు. ఇంగ్లీషు అసలే రాదు. నేను ఏం చెబితే అదే ఆ కాగితం.

"ఏం రాసినారు? సదువు" అంది.

తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. వంటామె ఎవరికీ చెప్పకుండా, తన అజాగ్రత్త వల్ల, అన్నచోట ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. మళ్ళీ అక్కడే ఆగాను. చిన్నామె తలెత్తి నన్ను చూసింది. ఆమె కళ్ళలో కోపం ఉంది. అంతకుముందెప్పుడూ నేనది చూడలేదు.

పెద్దామె బొటనవేలు ముందుకు పెట్టింది.

"ఎక్కింది నేనే గదా. అందులో అబద్ధమేముండాది. యాడ ఒత్తల్ల?"

ఆ వేలు అట్లా గాల్లో ఉంది. నేను ఇంకు ప్యాడు తెరవలేకపోయాను. ఇంజనీరు అడిగిన ఫారంలో నేను సంగటి రాయలేదని చెప్పాను. రాసి ఉంటే పొయ్యి కిందికి పెట్టేవాళ్ళని చెప్పాను. భాయ్ చెప్పినా నేను వినలేదని చెప్పాను. ఒకదాని తర్వాత ఒకటి, ఆపకుండా, ఆపితే మళ్ళీ చెప్పలేనని.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. పక్క మంచం దగ్గర ఎవరో పిల్లకు పాలు పడుతూ జోకొడుతున్నారు.

"ఎందుకు రాయలేదు?"

"సిగ్గేసిందక్కా."

ఆమె నన్ను తేరిపార చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"దినమూ తింటివి గదమ్మా నా చేత" అంది. "నీ బిడ్డకూ పెడితిని."

గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నామె లేచి, గుడ్డలు చుట్టిన చేతులతోనే, దుప్పటి ఆమె భుజం దాకా లాగింది. ఇంక పొమ్మని నాకు వేరే చెప్పనక్కర్లేదు.

హాస్టల్‌కు వచ్చి కొత్తగా రాశాను. ఈసారి నాలుగు వాక్యాలు, అన్నీ వంకరగా వచ్చాయి. మెనూలో సంగటి వదిలేసింది నేను, స్థానికంగా వచ్చిన సలహాను పక్కన పెట్టింది నేను, పాత పొయ్యిలు తొందరపడి పూడ్పించింది నేను, వంటామెకు వేరే దారి లేకుండా పోయింది. సారు చదివి చాలా కోప్పడ్డారు. నా తెలివితక్కువతనంతో హాస్టల్ మూతబడితే ఈ పిల్లల్ని ఎవరు చూస్తారన్నారు. అయినా ఇంకోటి రాయను అన్నాను. అట్లయితే ఇంక కొనుగోళ్ళు నువ్వు ముట్టుకోవద్దు అన్నారు. సరేనన్నాను. ఉద్యోగం పోతుందని ఇంట్లో చెప్పాను. మా ఆయన రెండురోజులు మాట్లాడలేదు, మూడోరోజు సైకిలు మీద హాస్టల్ దాకా దించి వెళ్ళాడు.

దాత నుంచి జవాబు రావడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ పిల్లలు ఉప్మా తిన్నారు. ఇళ్ళ నుంచి వచ్చిన రాగులు స్టోరులో మూటలు మూటలుగా పేరుకున్నాయి. ఒక తండ్రి వాకిట్లో నిలబడి, మా రాగులు మీకు పనికిరాకుండా పోయినాయా అని అడిగి వెళ్ళాడు. చివరికి జవాబు వచ్చింది. సాయం ఆపడం లేదు, కానీ ఆ పొయ్యి మళ్ళీ కట్టించాలి, ఎవరు కట్టాలో వంట చేసేవాళ్ళను అడిగి తేల్చాలి అని ఒక్క పేరాలో రాశారు. సారు ఆ ఉత్తరం నాకు చూపించి లోపల పెట్టుకున్నారు. నా ఉద్యోగం నాకు మిగిలింది.

నెల తిరిగాక పెద్దామె ఆటోలో వచ్చింది. చేతికర్ర ఉంది. ఆమె కోసమే ఆ రోజు ఇంజనీరునూ భాయ్‌నూ పిలిపించారు. నేను కొనుగోళ్ళు ముట్టుకోకూడదు కాబట్టి గోడవారగా నిలబడ్డాను. ఆమె కుర్చీలో కూర్చుని వంటగది అంతా చూసింది. భాయ్‌నే ఎంచుకుంటుందని, బెంగళూరువాళ్ళ సామాను అంతా పీకెయ్యమంటుందని అనుకున్నాను. అట్లా అనలేదు. చిమ్నీ బాగుండాది, ఉండనీ అంది. అన్నం పొయ్యిలు, సాంబారు పొయ్యి ఆ పిల్లోనివే ఉండనీ అంది. ఈ మూల గట్టు పగలగొట్టి సంగటి పొయ్యి భాయ్ కట్టల్ల, గ్యాసు పైపు మటుకు ఆ పిల్లోడే లాగల్ల, పైపు సంగతి భాయ్‌కు తెలీదు అంది. భాయ్ నవ్వి, అది నిజమే అన్నాడు. ఇద్దరూ ఒకరి కొలతలు ఒకరు రాసుకున్నారు. నేను రెండు నెలలు పట్టికలు వేసి తేల్చలేనిదాన్ని ఆమె టీ తాగేంత సేపట్లో తేల్చేసింది.

ఆఖర్న భాయ్ టేపు తీసి, పొయ్యి ఎంత ఎత్తుండాలో చూద్దాం, ఒక్కసారి నిలబడమ్మా అన్నాడు. ఆమె లేవలేదు. కుడికాలి మీద చీర కొంచెం పక్కకు జరిపింది. మడమ దగ్గర చర్మం ముడుచుకుపోయి, పాదం పూర్తిగా నేలకు ఆనడం లేదు.

"నా కొలత వద్దులేన్నా" అంది. చిన్నామె వైపు తిరిగింది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపుతూ వెనక్కి వెనక్కి జరుగుతోంది.

"రామ్మే. సరిగ్గా నిలబడు. కాలు గట్టు మీద పెట్టే మాదిరి పెట్టు."

ఆ అమ్మాయి ఏడుస్తూనే వచ్చి నిలబడింది. భాయ్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె మోకాటి కింద టేపు పట్టి, నేల మీద సుద్దతో గీత గీశాడు.